ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఇంట్లో ముందుగా ఏమేమి మార్చాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు కాకినాడలో ఒక గ్రౌండ్ ఫ్లోరు ఇంట్లో అద్దెకుంటున్నారు. మీ ఏడేళ్ల బాబుకు నిరుడు ఉబ్బసమని తేలింది. డాక్టరు రోజూ రెండు పూటలా పీల్చడానికి బ్యూడెసొనైడ్ ఇన్‌హేలరు, ఆయాసం వచ్చినప్పుడు వాడడానికి సాల్బ్యుటమాల్ ఇన్‌హేలరు రాశారు. మందు వాడుతున్నా బాబు వారంలో రెండు మూడు రాత్రులు తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చుంటున్నాడు. ఒకరు ఎయిర్ ప్యూరిఫయరు కొనమంటున్నారు, ఒకరు పరదాలన్నీ తీసెయ్యమంటున్నారు, మరొకరు సముద్రపు గాలి పడదు కాబట్టి ఊరే మారమంటున్నారు. ఉన్న కొద్ది డబ్బుతో ముందు ఏది చెయ్యాలి, పూజ గదిలో అగరుబత్తీల సంగతి అత్తగారికి ఎలా చెప్పాలి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. ప్యూరిఫయరు ఇప్పుడు కొనకండి. మొదట ఇంట్లో పొగ పూర్తిగా ఆపండి. దానికి ఖర్చు దాదాపు ఏమీ లేదు. తరువాత బాబు పడుకునే పరుపు, దిండు, ఆ గది సంగతి చూడండి. మీ డబ్బులో ఎక్కువ భాగం అక్కడ పెట్టండి. ఆ పైన గోడల చెమ్మ, వంటింటి బొద్దింకలు. వీటిని నెలకొకటి చొప్పున సాగదీయకుండా, కనీసం బాబు పడుకునే గది వరకైనా ఒకేసారి కలిపి చెయ్యండి. ఇవన్నీ చేస్తున్నప్పుడూ, చేసిన తరువాతా, డాక్టరు చెప్పేవరకు రోజువారీ ఇన్‌హేలరు ఒక్క పూట కూడా మానవద్దు. ఊరు మారవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

కోస్తా జిల్లాల్లో ఛాతీ వైద్యుడిగా చాలా కాలంగా పిల్లలనూ పెద్దలనూ చూస్తున్నాను. పై క్రమం ఎందుకు చెప్పానో వివరిస్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా చేసిన మార్పు పది రోజులకు మించి నిలవదు.

ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాల లోపలి పొర, ఆయాసం లేని రోజుల్లో కూడా, కొంత వాచే ఉంటుంది. ఆ వాపును తగ్గించేది రోజువారీ ఇన్‌హేలరు. అప్పటికే వాచి ఉన్న ఆ గొట్టాలను ఇంట్లో రెచ్చగొట్టేవి రెండు రకాలు. ఒక రకం అలర్జీ కలిగించేవి: డస్ట్ మైట్లనే ధూళి పురుగులు, బొద్దింకలు, బూజు, పిల్లి కుక్కల చుండు, పుప్పొడి. ఇవి ఒకరికి పడకపోవచ్చు, పక్కవారికి ఏమీ చెయ్యకపోవచ్చు. రెండవ రకం మంట పుట్టించేవి: పొగ, ఘాటు, రంగుల వాసన, యాసిడ్ ఆవిరి. వీటికి అలర్జీతో పని లేదు, ఉబ్బసం ఉన్న ఎవరి శ్వాసనాళాలనైనా ఇవి బిగిస్తాయి. అందుకే ఏ పరీక్షా అవసరం లేకుండా ఈ క్షణం నుంచే మొదలు పెట్టగలిగింది పొగ ఆపడం. జలుబు వైరస్సులు పిల్లల్లో ఉబ్బసాన్ని అన్నిటికన్నా ఎక్కువగా రేపుతాయన్నది నిజమే గానీ, బడికి వెళ్లే పిల్లవాడిని జలుబు నుంచి పూర్తిగా కాపాడడం మన చేతిలో లేదు. ఇంట్లో గాలి మన చేతిలో ఉంది.

పొగల్లో నేను మొదట అడిగేది దోమల కాయిల్ గురించి. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్క కాయిల్ కాలితే విడుదలయ్యే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినప్పుడు వచ్చేదానితో సమానం. ఆ కాయిల్‌ను మనం తలుపులు మూసి, పిల్లలు పడుకున్న మంచం కింద, రాత్రంతా వెలిగిస్తాం. తెల్లవారుజామున దగ్గుతో లేచే పిల్లల తల్లిదండ్రులను ఈ ప్రశ్న అడిగితే ఎంతోమంది "అదీ వెలిగిస్తామండీ" అని మామూలుగా అంటారు. ఒక ఉపాధ్యాయ దంపతులు అప్పు చేసి మరీ ప్యూరిఫయరు కొని, దాని పక్కనే కాయిల్ పెట్టి పడుకుంటున్నారు. యంత్రం పైన ఎర్ర దీపం ఎందుకు ఆరడం లేదని నన్ను అడిగారు. కాకినాడలో దోమలను పట్టించుకోకుండా ఉండమని నేను చెప్పను, డెంగీ భయం నిజమైనదే. కిటికీలకు సన్నని జాలీ కొట్టించండి, బాబు మంచానికి దోమతెర కట్టండి, తెరను నెలకు రెండుసార్లు ఉతకండి. కరెంటు ప్లగ్గుకు పెట్టే ద్రవపు మందులో పొగ లేదు గానీ అది కూడా గాలిలో కలిసే రసాయనమే కాబట్టి తప్పనిసరైతే బాబు గదిలోకి రాక ముందు కాసేపు పెట్టి, ఆపేసి, గాలి ఆడనిచ్చిన తరువాత పడుకోబెట్టండి.

అగరుబత్తి, సాంబ్రాణి పొగ విషయానికి వస్తే, దేవుడి ముందు వెలిగించినా ఊపిరితిత్తులకు పొగ పొగే. అందులోనూ ఇప్పుడు దొరికే కప్పు సాంబ్రాణి చిన్న గదిని నిమిషాల్లో నింపేస్తుంది. తలంటి పోశాక పసిపిల్లల జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్లలో ఎంత ప్రీతిగా చేస్తారో నాకు తెలుసు. ఉబ్బసం ఉన్న కుటుంబాల్లో మాత్రం దాన్ని పూర్తిగా మానెయ్యమని, జుట్టును మెత్తటి తువ్వాలుతో తుడిచి ఎండలో ఆరబెట్టమని చెబుతాను.

అత్తగారికి మీరు చెప్పకండి, డాక్టరు చేత చెప్పించండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ నా అనుభవంలో ఇంటి మార్పులు ఆగిపోయేది డబ్బు దగ్గర కాదు, ఇంట్లో మాట దగ్గర. ఈసారి బాబును చూపించేటప్పుడు ఆవిడను వెంట తీసుకువెళ్లండి. మనవడి ఛాతీలో పిల్లికూతలను స్టెతస్కోపుతో ఆవిడనే వినమంటాను నేను; విన్న తరువాత వాదన అవసరం రాదు. పూజ మానమని ఎవరూ అనకూడదు. దీపం, పువ్వులు, నైవేద్యం ఇంట్లో. అగరుబత్తి బయట తులసికోట దగ్గర. కర్పూర హారతి కిటికీ తెరిచి, బాబు పక్క గదిలో ఉన్నప్పుడు క్షణం పాటు. ఈ ఏర్పాటుకు ఒప్పుకోని పెద్దవారు నాకు అరుదుగా తగిలారు. బాబు ఏ రాత్రి దగ్గాడో కేలెండరులో గుర్తు పెట్టే పని ఆవిడకే అప్పగిస్తే, ఫలితం ఆవిడ కళ్లతో ఆవిడే చూస్తారు.

సిగరెట్, బీడీ, చుట్ట గురించి మీరు రాయలేదు. ఇంట్లో ఎవరైనా కాలుస్తుంటే బాల్కనీలో కాల్చి రావడం సరిపోదు. బట్టలకు, జుట్టుకు పట్టిన పొగ లోపలికి వస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చే కుటుంబాల్లో ఇంకొక ప్రశ్న అడగాలి. అక్కడి కొందరు నాయనమ్మలకు అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఉంది. "ఇంట్లో మగవాళ్లు ఎవరైనా కాలుస్తారా" అని అడిగితే లేదంటారు, ఆ మాట నిజమే. పిల్లవాడు పడుకునేది మాత్రం నాయనమ్మ పక్కన.

వంటింటి పొగ సంగతి కొంత వేరు. కట్టెల పొయ్యి నుంచి గ్యాసుకు మారడం పెద్ద మేలు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చాక ఆ తేడా మేము కళ్లారా చూశాము. అయితే గ్యాసు మంటలోనూ నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది, పైగా మన తాలింపు ఘాటు ఉండనే ఉంది. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు ఇల్లంతా దగ్గడం అందరికీ తెలిసిందే. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి ఆ దగ్గు రాత్రికి ఆయాసంగా మారవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాను పొయ్యి వెలిగించక ముందే వేసి, వంట అయ్యాక కూడా పది నిమిషాలు తిరగనివ్వండి. ఎదురుగా ఒక కిటికీ తెరిచి లేకపోతే ఆ ఫ్యాను లాగడానికి గాలి ఉండదు. బయటికి గొట్టం లేని చిమ్నీ నూనె జిడ్డును పడుతుంది గానీ వాయువులను తిరిగి వంటింట్లోకే వదులుతుంది. వేసవిలో కారం కొట్టించేటప్పుడు, ఆవపిండి పట్టి ఆవకాయ కలిపేటప్పుడు బాబును ఆ పూటకు చుట్టాలింటికి పంపడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఈ కథ ప్రతి ఏడూ వింటాము.

ఇక పడక. మీరు డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

డస్ట్ మైట్లు కంటికి కనబడనంత చిన్నవి, మిల్లీమీటరులో మూడవ వంతు కూడా ఉండవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు వాటి తిండి. అవి నీళ్లు తాగవు. గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుని బతుకుతాయి. అందుకే గాలిలో తేమ 50 శాతం దాటిన చోట పెరుగుతాయి, దానికి బాగా తగ్గితే ఎండి చస్తాయి. కోస్తాలో ఏడాదిలో ఎక్కువ కాలం తేమ ఆ గీతకు చాలా పైనే ఉంటుంది. అనంతపురంలో ఉన్న ఇంటికీ కాకినాడలో ఉన్న ఇంటికీ ఒకే సలహా ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మనిషికి అలర్జీ కలిగించేది ఆ పురుగు కంటే దాని మలంలోని ప్రోటీన్లు. కాబట్టి పురుగులను చంపినంత మాత్రాన పని అయిపోదు, ఆ మలం పోవాలి, లేదా బాబు ముక్కుకు అందకుండా మూసెయ్యాలి.

పరుపుకు, దిండుకు నాలుగు వైపులా కప్పి జిప్పు వేసే కవర్లు తొడగండి. నేత చాలా దగ్గరగా ఉండే అలర్జీ కవర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ధర ఎక్కువనిపిస్తే జిప్పు ఉన్న రెక్సిన్ తొడుగు కుట్టించి దాని మీద మందపాటి నూలు దుప్పటి వేసినా పని జరుగుతుంది, చెమట మాత్రం పోస్తుంది. పైన పరిచే దుప్పట్లు, గలీబులు వారానికొకసారి 55 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లలో ఉతకాలి. వాషింగ్ మెషీన్‌లో హీటరు ఉంటే 60 డిగ్రీల వాష్ పెట్టండి. లేకపోతే బకెట్‌లో గీజరు వేడి నీళ్లు పోసి నానబెట్టి ఉతకండి, ఆ పని పెద్దవారే చెయ్యాలి. చన్నీళ్ల ఉతుకు మలాన్ని చాలావరకు కడిగేస్తుంది గానీ పురుగులు బతికే ఉంటాయి.

పాత బూరుగు దూది దిండ్లు, తాతల నాటి బొంతలు బాబు గదిలో ఉండకూడదు. పాత పరుపు విప్పి దూది ఏకించి మళ్లీ కుట్టించాలనుకుంటే, ఆ పని జరిగే రోజు బాబు ఆ వీధిలోనే లేకుండా చూడండి. ఒక అబ్బాయికి వచ్చిన తీవ్రమైన ఆయాసానికి కారణం వెతికితే, పెరట్లో దూది ఏకుతుంటే ఆ గుట్టల మీద మధ్యాహ్నమంతా ఎగిరి ఆడాడని తేలింది.

మన దగ్గర ఉచితంగా దొరికే ఆయుధం ఎండ. ఏప్రిల్, మే ఎండల్లో పరుపును మేడ మీద రెండు వైపులా తిప్పుతూ మూడు నాలుగు గంటలు పడేస్తే వేడికీ పొడితనానికీ చాలా పురుగులు చస్తాయి. కానీ ఎండకు వేసిన పరుపును దులపకుండా లోపలికి తెస్తే చచ్చిన పురుగులూ, వాటి మలమూ మీతోపాటే ఇంట్లోకి వస్తాయి. బయటే బాగా కొట్టి దులపండి, దులిపేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, బాబు దగ్గర ఉండకూడదు. బొచ్చు బొమ్మలు అతనికి ఇష్టమైతే అన్నీ లాక్కోకండి. ఒకటి రెండు ఉంచి, వాటిని నెలకొకసారి సంచిలో కట్టి ఒక రోజు ఫ్రీజరులో పెట్టి, తరువాత ఉతికి ఇవ్వండి.

మంచం కింద దాచిన పాత పుస్తకాల పెట్టెలు, గది అటక మీద మూటలు, ఉన్ని రగ్గు, ఇవన్నీ వేరే గదిలోకి పోవాలి. పరదాలు తీసెయ్యాలన్న సలహా పూర్తిగా తప్పు కాదు, కానీ ఉతకడానికి వీలైన సన్నని నూలు పరదా ఒకటి ఉంటే చాలు. బాబు రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ముఖం ఆనించి ఉండేది దిండుకు, పరదాకు కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కవర్లు ఒక్కటే తొడిగి మిగతావి వదిలేస్తే పెద్ద ఫలితం రాదు. 2003లో వెయ్యి మందికి పైగా పెద్దవారి మీద బ్రిటన్‌లో జరిగిన ప్రయోగంలో పరుపు కవర్లు మాత్రమే వాడితే ఉబ్బసంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. మరుసటి సంవత్సరం అమెరికాలోని 7 నగరాల్లో 937 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అందులో ప్రతి పిల్లవాడికీ ఏది పడదో పరీక్షించి, దాన్నిబట్టి పడక, బొద్దింకలు, పొగ, బూజు వంటివన్నీ కలిపి సరిచేశారు. ఆ పిల్లలకు ఆయాసపు రోజులు తగ్గాయి, ఆ మేలు మరుసటి ఏడాది కూడా నిలిచింది. 2020లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు కూడా అలర్జీ ఉన్నట్టు తేలినవారికి ఇలా పలు మార్పులు కలిపి చెయ్యమనే చెబుతున్నాయి. నేను మొదట్లోనే "కలిపి చెయ్యండి" అన్నది ఇందుకే.

కాబట్టి వీలైతే బాబుకు స్కిన్ ప్రిక్ టెస్టు, అంటే చర్మం మీద చిన్నగా గుచ్చి ఏది పడదో చూసే పరీక్ష, అది దొరకకపోతే రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ (అలర్జీ ఉంటే ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకం) పరీక్ష చేయించండి. మైట్లు, బొద్దింక, బూజు, ఇంట్లో ఉంటే పిల్లి కుక్క, ఈ కొన్ని చాలు. వందల రకాల ఆహార పదార్థాలకు ఒకేసారి ఐజీజీ (వేరే రకం ప్రతిరక్షకం) పరీక్ష చేసి పెద్ద జాబితా ఇచ్చే ప్యాకేజీల జోలికి పోకండి. ఆ ఐజీజీ ఫలితం అలర్జీని చెప్పదు. అటువంటి జాబితా పట్టుకుని పెరుగు, అరటిపండు, గుడ్డు అన్నీ మాన్పించి, సన్నబడిపోయిన పిల్లలను నా దగ్గరికి తీసుకువచ్చినవారు ఉన్నారు. పెరుగు తింటే నెమ్ము చేస్తుందన్న మాట మన ఇళ్లలో బలంగా ఉంది గానీ, తిన్న వెంటనే స్పష్టమైన ఇబ్బంది కనిపిస్తే తప్ప ఉబ్బసం పేరు చెప్పి పిల్లవాడి తిండి తగ్గించవద్దు.

గ్రౌండ్ ఫ్లోరు అన్నారు కాబట్టి చెమ్మ తప్పకుండా చూడండి. నేల నుంచి గోడలోకి ఎక్కే తడి, పక్కన బాత్‌రూము గోడలో కారే పైపు, పైన ట్యాంకు పొంగి గోడ వెంట జారే నీళ్లు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. గోడ అడుగున సున్నం పెచ్చులూడడం, బీరువా వెనక నల్లటి మచ్చలు, గది తెరవగానే ముక్కు పట్టే వాసన దానికి గుర్తులు. మచ్చల మీద రంగు వేయిస్తే రెండు నెలల్లో మళ్లీ పైకి వస్తాయి. ముందు నీరు వచ్చే దారి మూయాలి. అద్దె ఇల్లు కాబట్టి యజమాని వెంటనే కదలకపోవచ్చు. అంతవరకు మీరు చెయ్యగలిగింది ఆ గోడకు దూరంగా మంచం జరపడం, లేదా పొడిగా ఉన్న గదిని బాబుకు ఇవ్వడం. ఒక కుటుంబంలో అబ్బాయి తలవైపు గోడకు అవతల బాత్‌రూము ఉండేది. గదులు మార్చుకున్నాక అతని రాత్రి దగ్గు బాగా తగ్గింది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో తడి బట్టలు పడకగదిలో దండెం మీద ఆరేయకండి. నీళ్లతో నడిచే కూలరు కోస్తా ఇళ్లలో చల్లదనం కంటే తేమనే ఎక్కువ ఇస్తుంది. దాని గడ్డి ప్యాడ్లలో బూజు పడుతుంది. ఏసీ ఉంటే రాత్రి డ్రై మోడ్‌లో నడపండి, దాని జాలీని రెండు వారాలకొకసారి కడగండి. కొన్ని వందల రూపాయలకు తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. అది చూస్తే ఏ రోజు కిటికీ తెరవాలో, ఏ రోజు మూయాలో ఊహించుకోవలసిన అవసరం ఉండదు. ఏసీ లేకుండా మన వైపు ఇంటి తేమను 50 శాతం లోపు ఉంచడం సాధ్యం కాదు, దాని కోసం ఆరాటపడకండి. అప్పుడు కవర్లు, వేడి నీళ్ల ఉతుకు మరింత ముఖ్యమవుతాయి.

బొద్దింకల మలం, ఉమ్మి, ఎండిన రెక్కల ముక్కలు ధూళిలో కలిసి అలర్జీ కలిగిస్తాయి. వాటి మీద కొట్టే స్ప్రే తానే ఆయాసాన్ని రేపగలదు. జెల్ మందును సింకు కింద, గ్యాసు సిలిండరు వెనక, ఫ్రిజ్ మోటారు పక్కన చుక్కలుగా పెట్టించండి. అది వాసన రాదు, వారాల తరబడి పనిచేస్తుంది. రాత్రి ఎంగిలి గిన్నెలు కడిగి, చెత్తబుట్టకు మూత పెట్టి, నీటి చుక్క కారే కొళాయి బాగుచేయించకపోతే ఏ మందూ నిలవదు. చచ్చిన తరువాత వాటి అవశేషాలు నెలలపాటు ఉంటాయి కాబట్టి అలమరలు తడిగుడ్డతో తుడవడం మరిచిపోవద్దు.

ఊడ్చే విషయం చిన్నదే. పొడి చీపురు ధూళిని లేపుతుంది, బాబు బడికి వెళ్లాక ఊడ్చి తడిగుడ్డతో తుడవండి. ఫినాయిల్ వాసన ఘాటుగా వచ్చేంత పోయనవసరం లేదు. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఆరోగ్యవంతులకు కూడా ప్రమాదం. సంక్రాంతికి ముందు ఇల్లంతా దులిపి రంగులు వేయించే రోజుల్లో పిల్లవాడిని చుట్టాలింటికి పంపండి; భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ పడేసే వీధుల్లో, దీపావళి రాత్రి, లోపల ఉంచండి. వీలైతే రంగుల పనిని అతను సెలవులకు వెళ్లిన వారానికి వాయిదా వేయండి. కిటికీ గూట్లో పావురాలు కాపురం పెట్టి ఉంటే రెట్టలను పొడిగా గీకకుండా నీళ్లతో తడిపి తీసి, వల కట్టించండి.

ప్యూరిఫయరు గురించి మళ్లీ చెబుతాను. మైట్ల మలపు రేణువులు బరువైనవి. పరుపు దులిపినప్పుడు లేచి, అర గంటలోపు మళ్లీ కిందికి దిగిపోతాయి. గాలిని జల్లెడ పట్టే యంత్రానికి అవి పెద్దగా చిక్కవు. పొగ, రోడ్డు ధూళి, పిల్లి చుండు మాత్రం గాలిలో గంటల తరబడి తేలుతాయి కాబట్టి వాటికి హెపా ఫిల్టరు (అతి సన్నని రేణువులను పట్టే జల్లెడ) ఉన్న యంత్రం ఉపయోగపడుతుంది. పైవన్నీ చేశాక, ఇల్లు పెద్ద రోడ్డు పక్కనే ఉంటే, అప్పుడు ఆలోచించండి. ఓజోన్ వదిలే రకాలను కొనవద్దు, ఓజోన్ శ్వాసనాళాలకు హాని చేస్తుంది.

ఇల్లు ఎంత బాగుచేసినా మందు ఊపిరితిత్తులకు చేరకపోతే ప్రయోజనం లేదు, అందుకే రాత్రి దగ్గు తగ్గని ప్రతి పిల్లవాడి చేత నా ఎదుట ఒకసారి ఇన్‌హేలరు పీల్పిస్తాను. స్పేసరు, అంటే ఇన్‌హేలరుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, లేకుండా నేరుగా నోట్లో కొడితే మందులో చాలా భాగం గొంతులోనే ఆగిపోతుంది. ఏడేళ్ల పిల్లవాడికి స్పేసరు తప్పనిసరి. ప్రతి పఫ్ విడివిడిగా ఇచ్చి, పీల్చాక నోరు పుక్కిలించి ఊయమనండి. ఇన్‌హేలరు అలవాటైపోతుందన్న భయం వద్దు. మృగశిర కార్తెకు నాంపల్లిలో ఇచ్చే చేప ప్రసాదానికి వెళ్లాలనుకునే కుటుంబాలతో నేను తగవు పెట్టుకోను. ఇన్‌హేలరు మానేసి మాత్రం వెళ్లవద్దంటాను, ఆ తరువాత వారాల్లో మాన్పించినవారే అత్యవసరంగా వస్తారు.

బాబు పూర్తి వాక్యం మాట్లాడలేకపోయినా, ఊపిరికి ఊపిరికి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుతున్నా, పెదవులు నీలంగా మారినా, సాల్బ్యుటమాల్ ఇచ్చినా తేరుకోకపోయినా, డాక్టరు రాసిచ్చిన ప్రకారం స్పేసరుతో మందు ఇస్తూనే 108కి ఫోన్ చెయ్యండి. ఆవిరి పట్టడానికో, వాము కాచడానికో ఆ సమయం పోగొట్టవద్దు.

ఊరు మారడం మాటకు వస్తే, సముద్రపు గాలి ఉబ్బసానికి కారణం కాదు. మీ దగ్గర ఉన్న ఇబ్బంది ఆ గాలిలోని తేమ, దాన్ని ఇంట్లోనే కొంతవరకు అదుపు చెయ్యవచ్చు. హైదరాబాదుకు మారిన నా పేషెంట్లలో కొందరికి మైట్ల బాధ తగ్గింది, కొందరికి చలికాలపు పొద్దుటి గాలి, వాహనాల పొగ, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ పుప్పొడి కొత్త బాధలుగా తోడయ్యాయి. మూడు నెలలపాటు పై మార్పులన్నీ పెట్టి, దగ్గిన రాత్రులను కేలెండరులో గుర్తించి, దాన్ని మీ డాక్టరుకు చూపించండి. తగ్గి ఉంటే ఇన్‌హేలరు మోతాదు తగ్గించవచ్చా అన్నది ఆయనే చెబుతారు. తగ్గకపోతే స్కిన్ టెస్టు ఫలితం, గది తేమ లెక్క కూడా తీసుకువెళ్లండి, రోగనిర్ధారణను మరోసారి పరిశీలించడానికి అవి పనికివస్తాయి.